యాభై దాటాక కాలవ గట్టు మీద పరుగు: మొదలెట్టడం, మానకుండా ఉండడం

మా వైపు పల్లెల్లో యాభై దాటిన మనిషి తెల్లవారుజామున పరుగెడుతూ కనిపిస్తే జనానికి రెండే అనుమానాలొస్తాయి. గేదె కట్టు తెంచుకుని పోయి ఉండాలి, లేదా ఎవరికో ప్రాణం మీదకి వచ్చి ఉండాలి. నేను మొదలెట్టిన వారంలో లాకుల దగ్గర టీ కొట్టాయన చేతిలో గ్లాసు పక్కన పెట్టి రోడ్డెక్కి, "ఏమైందండీ మాస్టారూ, ఇంట్లో అందరూ బానే ఉన్నారా?" అంటూ నాతోపాటు పదడుగులు పరుగెత్తాడు. అది ఆరేళ్ళ కిందటి మాట. నాకిప్పుడు 58. వరసగా రెండ్రోజులు కనిపించకపోతే ఆయనే ఫోన్ చేసి అడుగుతాడు.

పాలకొల్లు చుట్టుపక్కల కాలవ గట్ల మీద పరుగెత్తి, దెబ్బలు తిని, మళ్ళీ మొదలెట్టి నేర్చుకున్నదంతా వరసగా చెప్తాను. నాకు లెక్క ఒక్కటే: ఎల్లుండి మళ్ళీ బూట్లు వేసుకోగలనా? ఆ జవాబుని చెడగొట్టే పని ఏదైనా, అది ఎంత గొప్ప పరుగైనా, ఇవాళ చెయ్యను. కింద రాసిందంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు డాక్టరు, తరవాతే బూట్లు

బూట్లు కొనే ముందు బీపీ, షుగరు, కొలెస్టరాల్, ఈసీజీ చూపించుకోండి. షుగరో బీపీయో ఉన్నా, పొగ తాగే అలవాటున్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినా, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే టీఎంటీ పరీక్ష అవసరమేమో అడగండి. "నాకేం, నిన్నటిదాకా పొలంలో పనిచేశాను" అనేవాళ్ళే ఈ మెట్టు ఎగ్గొడతారు.

వేసుకునే మాత్రల చీటీ కూడా తీసుకెళ్ళండి. మెటోప్రొలాల్, ఎటెనొలాల్ లాంటివి వాడేవాళ్ళకి గుండె వేగం ఎంత పరుగెత్తినా పెద్దగా పెరగదు, కాబట్టి చేతి గడియారం చూపించే అంకె నమ్మడానికి లేదు. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్రలుంటే ఉక్కలో త్వరగా నీరసం వస్తుంది. షుగరుకి గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్ళకి పరుగు మధ్యలో షుగరు పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు పొట్లమో నాలుగు చాక్లెట్లో లేకుండా గుమ్మం దాటొద్దు. ఏ మాత్రైనా సొంతంగా ఆపొద్దు, వేళలు మార్చాలంటే డాక్టరునే అడగండి.

పరుగెడుతుంటే గుండె మీద బరువు పెట్టినట్టున్నా, దవడలోకో ఎడమ చేతిలోకో నొప్పి పాకినా, చల్లటి చెమటలు పట్టి కళ్ళు తిరిగినా అక్కడే ఆగి కూర్చోండి. మెల్లగా నడుచుకుంటూ ఇంటికి పోదామనుకోవద్దు. 108కి చెయ్యండి.

మొదటి మూడు నెలలు: నడక ఎక్కువ, పరుగు తక్కువ

మొదటి మూడు వారాలు పరుగు మాటే ఎత్తకండి. వారానికి ఐదు రోజులు, నలభై నిమిషాలు, బస్సు అందుకోవాలన్నంత జోరుగా నడవండి. నాలుగో వారం నుంచి మంగళ, గురు, ఆదివారాలు పరుగుకి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా పదిసార్లు. అంతే, అరగంట.

రెండు వారాలకోసారి లెక్క మార్చండి: రెండు పరుగుకి రెండు నడక, తరవాత మూడుకి ఒకటి, ఆ తరవాత ఐదుకి ఒకటి. ఏ మెట్టు దగ్గరైనా కష్టమనిపిస్తే అక్కడే ఇంకో వారం ఉండండి. మన ఎముకా, స్నాయువూ ఊపిరి కన్నా నెమ్మదిగా గట్టిపడతాయి. ఆరు వారాలకే ఆయాసం తగ్గిపోయి "ఇంక ఆగక్కర్లేదు" అనిపిస్తుంది. ఊపిరి అలా చెప్తుంది గానీ మడమ వెనక నరం ఒప్పుకోదు.

అరగంట సుఖంగా అయ్యాక ఆదివారం పరుగు ఒక్కటే వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోండి. ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. ఆ లెక్కన ఏడెనిమిది నెలలకి గంటన్నర, అంటే దరిదాపుగా పది పన్నెండు కిలోమీటర్లు. మధ్యలో నడవడం నామోషీ కాదు. నేను ఇప్పటికీ పొడవు పరుగుల్లో ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా నిమిషం నడుస్తాను.

ఎంత నెమ్మదిగా? మాట్లాడగలిగేంత

పక్కనున్న మనిషితో ఆగకుండా రెండు వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. "ఊ", "ఆ" దగ్గర ఆగిపోతే తగ్గించాలి. ఒక్కరే ఉంటే ఎక్కాలు చెప్పుకోండి; పదమూడో ఎక్కం తప్పితే మాత్రం దానికి కారణం వేగం కాకపోవచ్చు.

అంకెలు కావాలనేవాళ్ళకి: గుండె గరిష్ఠ వేగాన్ని 220లోంచి వయసు తీసేసి చూడడం పాత పద్ధతి. వయసుని 0.7తో హెచ్చించి 208లోంచి తీసేయడం పెద్దవాళ్ళకి కొంచెం దగ్గరగా వస్తుంది. 55 ఏళ్ళకి మొదటి లెక్కలో 165, రెండో లెక్కలో దాదాపు 170. తేలిక పరుగు అందులో నాలుగింట మూడొంతుల దగ్గర, అంటే 125 నుంచి 130 మధ్య ఉంటే చాలు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి, అంకెకీ మాటకీ పేచీ వస్తే మాటే నమ్మండి.

కష్టమైన పరుగు పది రోజులకి ఒక్కసారి చాలు. పాతికేళ్ళ కుర్రాడికి మర్నాటికి తీరే ఒళ్ళునొప్పి మనకి మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులూ నడక, సైకిలు.

ఎక్కడ పరుగెత్తాలి

మన గోదావరి జిల్లాల్లో దారులకి కొదవలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర ప్రణాళికతో సాగిన కాలవలు సాగునీటికే కాదు, పడవలకి కూడా. ఆ పడవల్ని గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవాళ్ళు. ఆ గట్లే ఇప్పుడు మనకి పరుగు దారులు. మట్టి గట్టు కాలికి మెత్తగా ఉంటుంది, రెండు వైపులా కొబ్బరిచెట్ల నీడ, పక్కనే నీళ్ళు. ట్రాక్టరు చాళ్ళు ఎండి గట్టిపడిన చోట మాత్రం మడమ మెలిపడుతుంది, చూపు పదడుగుల ముందు ఉంచండి. గట్టు ఎక్కడ బాగుందో, ఎక్కడ కోతపడిందో మీ లాకుల దగ్గర కాలవ కాపలా చూసే లస్కరుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఉద్యోగమంతా గట్టు మీద నడిచిన మనిషి, ఆయన్ని అడగండి.

తారు రోడ్డుకి మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం ఉంటుంది. ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు పొట్టిదైనట్టు లెక్క. తుంటి, మోకాలి బయటివైపు నొప్పి అక్కడే మొదలవుతుంది. సీసీ రోడ్డు చదునుగా ఉంటుంది గానీ గట్టి. వారంలో మూడు పరుగులుంటే రెండు మట్టి మీద చూసుకోండి.

మనకి లేనిది ఎత్తు. బల్లపరుపు నేల మీద ఏళ్ళ తరబడి ఒకే కండరం ఒకే తీరున అరుగుతుంది. డెల్టాలో కొండంటే వంతెనే. నాకు చించినాడ వంతెన. గోదావరి పాయ వశిష్ఠ మీద ఇవతల చించినాడ, అవతల దిండి. పది రోజులకోసారి తెల్లారే ముందు అక్కడికెళ్ళి, ఎక్కే వైపు ఒక నిమిషం గట్టిగా పరుగెత్తి, దిగేటప్పుడు నడిచి, అలా ఆరుసార్లు చేస్తాను. దిగువకి పరుగెత్తొద్దు; తొడలు రెండ్రోజులు మెట్లు దిగనివ్వవు. అది జాతీయ రహదారి, లారీలుంటాయి. వెలుతురు ముదిరి రద్దీ పెరిగాక అక్కడ పని లేదు. మీకు దగ్గర్లో కాలవ మీద చిన్న వంతెన ఉన్నా చాలు.

ఇక్కడ ఫౌజాసింగ్ గారి సంగతి చెప్పాలి. 89 ఏళ్ళ వయసులో 2000లో లండన్‌లో తొలి మారథాన్, నూరేళ్ళ వయసులో 2011లో టొరంటోలో మారథాన్ పూర్తిచేసిన మనిషి. పుట్టినతేదీ పత్రం లేక గిన్నిస్ వాళ్ళు రికార్డు ఇవ్వలేదు. (మా నాన్నగారి తరంలో సగం ఊరు బడి లెక్కల్లో జులై ఒకటినే పుట్టింది, మనకిదేం వింత కాదు.) అంతటాయన 2025 జులైలో పంజాబ్‌లో సొంత ఊరి దగ్గర వాహనం ఢీకొని పోయారు. అందుకే ఎదురొచ్చే బండి కనిపించేలా రోడ్డుకి కుడివైపునే పరుగెత్తండి. పుష్యమాసం మంచులో వెనక దీపం లేని వడ్ల ట్రాక్టర్లు తిరుగుతాయి. మెరిసే పట్టీ ఉన్న చొక్కా, చిన్న టార్చి తప్పనిసరి. చెవుల్లో పాటలు వద్దు. కుక్కలు మీదకొస్తే పరుగాపి నిలబడండి, వెన్ను చూపకుండా మెల్లగా పక్కకి జరగండి. పన్ను దిగితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు టీకాకి వెళ్ళండి.

పిక్కలు: మనల్ని ముందు మోసం చేసేవి ఇవే

కుర్రాళ్ళకి మోకాళ్ళు పోతాయి, మనకి పిక్కలూ మడమ నరాలూ. 53వ ఏట సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. "మావయ్యా, లాకుల దాకా పందెమా?" అన్నాడు. ముందురోజు రాత్రి చలిమిరి, అరిసెలు, రెండు గంటల నిద్ర. కాళ్ళు వేడెక్కకుండానే దూకాను. రెండొందల గజాల దగ్గర ఎడమ పిక్క మీద ఎవరో రాయి విసిరినట్టు 'టప్' మంది. వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు. గట్టు మీద గడ్డిలో కూర్చుంటే వేళ్ళకింద కండ గుంట పడినట్టు తగిలింది. ఏడు వారాలు పరుగు లేదు. అందులో రెండో వారంలో నొప్పి మాత్ర వేసుకుని మళ్ళీ గట్టెక్కడం నా రెండో తెలివితక్కువ పని. ఏడు వారాల్లో మూడు దాని ఖాతాలోవే. నొప్పి తెలియకుండా చేసుకుని పరుగెత్తితే దెబ్బ ముదురుతుంది, పైగా చెమట పోయిన ఒంటికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీల మీద భారం.

అప్పటినుంచి వారానికి మూడుసార్లు ఈ పని మానలేదు. వీధి గుమ్మం మెట్టు అంచున ముందరి పాదాల మీద నిలబడండి, మడమలు గాల్లో ఉండాలి. రెండు కాళ్ళతో పైకి లేచి, ఒక కాలు ఎత్తేసి, రెండో కాలి మీదే మూడు దాకా లెక్కపెడుతూ మెట్టుకి కిందదాకా దిగండి. ఒక్కో కాలికి పదిహేను, మూడు విడతలు. మొదట్లో గోడ పట్టుకోండి. పదిహేను సుఖంగా అయితే వీపుకి బియ్యం సంచీ తగిలించుకోండి, రెండు కిలోలతో మొదలెట్టి.

దీనికి తోడు గుంజీలు ఇరవై, బడిలో వేయించే గోడకుర్చీ ఒక నిమిషం, ఒంటికాలి మీద పళ్ళు తోముకోవడం. అప్పట్లో శిక్షగా వేయించినవాడిని, ఇప్పుడు నేనే వేస్తున్నానని పిల్లలకి తెలిస్తే నవ్వుతారు. రోజుకొకసారి చేతులానించకుండా నేల మీంచి లేవడం కూడా ఒక కసరత్తే. కుర్చీలూ సోఫాలూ వచ్చాక మన తరం పోగొట్టుకున్న బలం అది.

ఆడవాళ్ళకి ఒక మాట. నెలసరి ఆగాక ఎముక త్వరగా పలచబడుతుంది, కాబట్టి ఈ బరువు పని మీకు మాకంటే ఎక్కువ అవసరం. వయసులో నాట్లేసిన కాళ్ళకి పరుగు కొత్తేమీ కాదు, కొత్తదల్లా చూసేవాళ్ళ కళ్ళు. మా వీధిలో ముగ్గురు కలిసి మొదలెట్టారు. ఒక్కరైతే ఊరు చూస్తుంది, ముగ్గురైతే పలకరిస్తుంది.

ఎండ, ఉక్క, నీళ్ళు

ఇది మన ప్రాంతపు అసలు పరీక్ష. చెమట కారడం వల్ల ఒళ్ళు చల్లబడదు, అది ఆరినప్పుడు చల్లబడుతుంది. చుట్టూ సముద్రం, కాలవలు, వరి మళ్ళు, రొయ్యల చెరువులు. గాల్లో తడికి చెమట ఆరదు, కారుతుందంతే. రక్తం చర్మం వైపు మళ్ళి గుండె అదనంగా పనిచేస్తుంది. అందుకే డిసెంబరులో కిలోమీటరు ఏడున్నర నిమిషాల్లో వెళ్ళే మనిషికి మే నెలలో ఎనిమిదిన్నర పడితే శక్తి తగ్గిందని బెంగపడకండి.

మన ఏడాదికి తగ్గట్టు సాధన కూడా మారాలి. సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాక నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మన పంటకాలం: దూరాలు పెంచేది అప్పుడే. కోతల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. పక్కనుంచి వెళ్ళండి, రైతు తిండిగింజల మీద బూటు పెట్టకండి. మార్చి నుంచి దూరం తగ్గించి ఐదున్నరకల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి. కాలవలు కట్టేసిన ఎండాకాలంలో గట్టు మీద దుమ్ము, పక్కన ఎండిన అడుగు, చూస్తేనే కాళ్ళు లాగుతాయి. అప్పుడు కసరత్తులకే ఎక్కువ సమయమివ్వండి. కొత్తగా ఎండ ముదిరినప్పుడు ఒళ్ళు అలవాటు పడడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. వానల్లో ఒండ్రుమట్టి గట్టు సబ్బులా జారుతుంది, అప్పుడు సీసీ రోడ్డే దిక్కు. వరద రోజుల్లో లంకల్లోంచి పాములు గట్టెక్కుతాయి, టార్చి లేకుండా వెళ్ళొద్దు.

నీళ్ళ లెక్క ఇంట్లో కాటాతో తేల్చుకోండి. పరుగుకి ముందూ తరవాతా బరువు చూడండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. అదంతా ఒక్క గుక్కలో తాగకండి, రెండు మూడు గంటల్లో తాగండి. బరువు పెరిగి వచ్చారంటే దారిలో మరీ ఎక్కువ తాగారన్నమాట, అదీ ప్రమాదమే. కొబ్బరిబోండం మంచిదే, అయితే అందులో పొటాషియం ఎక్కువ, చెమటలో ఎక్కువగా పోయే సోడియం తక్కువ. చిటికెడు ఉప్పు వేసుకోండి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళు రోజుకి మూడు నాలుగు బోండాలు లాగించే ముందు డాక్టరుని అడగండి. ఓఆర్‌ఎస్ పొట్లం ఒకటి లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో కాదు. ఎండలో ఉన్నట్టుండి రోమాలు నిక్కబొడుచుకున్నా, చలేసినా, మాట తడబడినా పరుగు అయిపోయినట్టే: నీడ, నెత్తిమీద నీళ్ళు, పక్కన మనిషి.

తిండి

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెళ్ళేముందు ఒక చక్రకేళీ, వచ్చాక పెసరట్టో రెండు గుడ్లో. మన కంచంలో అన్నం గుట్టగా, పప్పు చెంచాడుగా ఉంటుంది. దాన్ని కొంత తిరగెయ్యాలి. పరుగెత్తే ఒంటికి కిలో బరువుకి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి, 70 కిలోల మనిషికి 84 గ్రాములు. గుడ్డులో 6, వంద గ్రాముల పెసల్లో 24, వంద గ్రాముల చేపలో ఇరవై దాకా. కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్క మీకు కాదు. కార్తీకమాసం ఉపవాసం రోజున నడకతో సరిపెట్టండి.

మానకుండా ఉండడం

మొదటి నెల ఉత్సాహం ఉంటుంది. మూడో నెలలో పోతుంది. అది పోయాక ఏం చేస్తారన్నదే అసలు సంగతి.

నాకు పనిచేసిన మొదటి మందు, నా కోసం ఎదురుచూసే మనిషి. ఐదింటికి లాకుల దగ్గర మా బావగారు నిలబడతారు. ఆయన పరుగెత్తరు, సైకిలు తొక్కుతారు, దారంతా ఊరి తగాదాలు చెప్తారు. దోమల్లో ఆయన్ని నిలబెట్టి పడుకోవడం నావల్ల కాదు. ఫోన్ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టేవాళ్ళు వందమంది ఉన్నా ఇలా నిలబడే ఒక్కరికి సాటిరారు.

రెండోది, పది నిమిషాల ఒప్పందం. బద్ధకంగా ఉన్న రోజు బూట్లు వేసుకుని పది నిమిషాలు నడుస్తాను. అప్పటికీ ఇష్టం లేకపోతే వెనక్కి. ఏడాదిలో అలా వెనక్కి తిరిగింది నాలుగైదుసార్లు. ఆ రోజుల్లో ఒంట్లో నిజంగానే బాగోలేదని సాయంత్రానికి తేలేది.

మూడోది, పాత లెక్కలు మూసెయ్యడం. పోల్చుకోవాలంటే నిరుటి ఇదే నెలతో పోల్చుకోండి, ముప్ఫయ్యో ఏటితో కాదు. కూర్చుని ఉండేవాళ్ళలో ఒంటికి ప్రాణవాయువు వాడుకునే శక్తి పదేళ్ళకి సుమారు 10 శాతం పడిపోతుంది. సాధన చేసేవాళ్ళకీ పడుతుంది, నెమ్మదిగా. అందుకే పెద్ద వయసువాళ్ళకి పెట్టే మాస్టర్స్ పోటీల్లో ఐదేళ్ళకొక వర్గం పెట్టారు. 55 నిండితే ఆ వర్గంలో మీరే చిన్నవాళ్ళు. పుట్టినరోజు కోసం ఎదురుచూసేలా చేసే ఆట నాకు తెలిసి ఇదొక్కటే. కెనడాలో ఎడ్ విట్‌లాక్ అనే ఆయన ఇంటి దగ్గర శ్మశానంలో గంటల తరబడి చుట్లు కొట్టి సాధన చేసేవాడు. 2003లో 72 ఏళ్ళ వయసులో మారథాన్ 2 గంటల 59 నిమిషాల 10 సెకన్లలో ముగించాడు, మరుసటేడు ఇంకో నాలుగు నిమిషాలకు పైగా తగ్గించాడు. ఒకే గట్టు మీద తిరగడం విసుగనిపించినప్పుడు ఆ శ్మశానం గుర్తొస్తుంది నాకు.

నాలుగోది నోటుపుస్తకం. తేదీ, ఎంతసేపు, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఎక్కడ నొప్పి. నాలుగే గళ్ళు. నా పుస్తకంలో దెబ్బ తగిలిన ప్రతిసారీ ముందు వారంలో నిద్ర గడిలో నాలుగు, ఐదు అంకెలే ఉన్నాయి. మాఘమాసం అర్ధరాత్రి ముహూర్తాల పెళ్ళిళ్ళు ఒక కారణం. పెళ్ళికెళ్ళిన మర్నాడు ఇప్పుడు పరుగు లేదు.

జ్వరమో దెబ్బో ప్రయాణమో వచ్చి ఆగిపోతారు, అందరికీ జరిగేదే. వారం ఆగితే పాత దూరంలో సగంతో మొదలెట్టండి. నెల దాటితే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక దగ్గరికే వెళ్ళండి. ఈసారి మెట్లు త్వరగా ఎక్కుతారు.

ఏడాది గడిచాక ఒక పందెం పెట్టుకోవచ్చు, పది కిలోమీటర్లు చాలు. శీతాకాలంలో వచ్చేదే ఎంచుకోండి. ఆగస్టు హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కించి చంపుతారు, మన వంతెన సాధన అప్పుడు అక్కరకొస్తుంది గానీ మొదటిసారికి వద్దు.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి. ఐదారొందల కిలోమీటర్లు దాటాక మడమ కింద మెత్తదనం చూసుకుంటూ ఉండండి. తడిస్తే ఎండలో పెట్టకుండా లోపల పాత పేపర్లు కుక్కండి. రాత్రే లేసులు వదులు చేసి, సాక్సులు పైన పెట్టి గుమ్మం దగ్గర ఉంచుకోండి. వానాకాలంలో వేసుకునే ముందు మాత్రం తిరగేసి దులపండి. కిందటి శ్రావణంలో నా కుడి బూటులో కప్ప కాపురం పెట్టింది. నేను కాలు పెట్టాకే ఇద్దరికీ తెలిసింది.